ఆ ఫొటోల్లో వంతెన ఎక్కడ? వెనిస్ యాత్రపై ఫిర్యాదు

తిరుపతి

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,

విషయం: మీ యూరప్ యాత్ర ఆరో రోజు వెనిస్‌లో, కాగితం మీద ఒప్పుకున్నవి చూపించకపోవడం గురించి.

నమస్కారం.

గత నెల మీరు నడిపిన పది రోజుల యాత్రకు నేనూ మా ఆవిడా వచ్చాము. మిగతా తొమ్మిది రోజుల మీద నాకు పేచీ లేదు. ప్రతి పూటా పెరుగన్నం దొరికింది, అందుకు మీ వంటవారికి కృతజ్ఞతలు. నా గొడవంతా ఆరో రోజు గురించే. ముప్పై ఒక్క ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి. మన మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కో పోలో పుట్టి పెరిగిన ఊరు చూడాలనే మీ యాత్రను ఎంచుకున్నాను.

ఆ రోజుకు మీ కార్యక్రమ పత్రంలో నాలుగు ఉన్నాయి: గ్రాండ్ కెనాల్‌లో పడవ ప్రయాణం, సెయింట్ మార్క్ బసిలికా అనే పెద్ద చర్చి, ఒకప్పటి వెనిస్ పాలకులుండే డోజ్ ప్యాలెస్ లోపలి సందర్శన, రియాల్టో వంతెన. వీటిలో ఒక్కటీ జరగలేదు.

ముందు కాలువ సంగతి. ట్రోంకెట్టో రేవులో పడవ ఎక్కించి, సెయింట్ మార్క్ చౌకు దగ్గర దించారు. ఇదే గ్రాండ్ కెనాల్ అని మీ టూర్ మేనేజర్ మైకులో చెబితే అందరూ ఫొటోలు తీసుకున్నారు, నేనూ తీసుకున్నాను. దారిలో ఒక్క వంతెన కూడా తగలలేదేమా అన్న అనుమానం రాత్రి హోటల్లో పటం పరిస్తే తీరింది. ఊరి నడుమ మెలికలు తిరుగుతూ దాదాపు 4 కిలోమీటర్లు సాగే గ్రాండ్ కెనాల్ మీద నాలుగు వంతెనలున్నాయి. మీరు తీసుకెళ్లింది ఊరికి దక్షిణాన ఉన్న వెడల్పాటి జ్యుడెక్కా కాలువలో. దాని మీద వంతెనే లేదు. ఒకప్పుడు భారీ విహార నౌకలు తిరిగిన దారి అది, 2021 ఆగస్టు నుంచి వాటిని ఆపేశారు. ఒకటో నంబరు నీటిబస్సు ఎక్కించినా అసలు కాలువ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసేవాళ్లం. పిల్లలకు పటం చదవడం నేర్పిన అలవాటు వల్ల నేను కనిపెట్టాను. మాతో వచ్చిన మిగతావారు ఆ ఫొటోలను ఇప్పటికీ గ్రాండ్ కెనాల్ అనే బంధువులకు చూపిస్తూ ఉంటారు.

బసిలికాలోకి ఎందుకు వెళ్లలేదంటే క్యూ పెద్దదిగా ఉందన్నారు. తిరుపతివాడికి క్యూ గురించి చెబుతారా? మా ఊరికి వచ్చేవాళ్లు 300 రూపాయల దర్శనం టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకుని బయలుదేరతారు. బసిలికాకు కూడా సమయం ఖాయం చేసిన టికెట్లు ముందుగా దొరుకుతాయి. ముఖద్వారం పైనున్న నాలుగు గుర్రాల విగ్రహాలను చూపించి, కాన్‌స్టాంటినోపుల్ నుంచి తెచ్చినవి అవే అని చెప్పారు. అవి నకళ్లు. 1204లో ఆ నగరాన్ని కొల్లగొట్టినప్పుడు చేజిక్కినవి, నెపోలియన్ పారిస్‌కు పట్టుకుపోతే 1815లో తిరిగి వచ్చినవి, లోపల మ్యూజియంలో ఉన్నాయి. అలిపిరి దగ్గర నిలబెట్టి గాలిగోపురం దీపాలు చూపించి, దర్శనం అయిపోయింది ఇంటికి వెళ్లండి అంటే మీరు ఊరుకుంటారా?

ప్యాలెస్ కూడా బయటినుంచే. ఖైదీలను చెరసాలకు నడిపించిన నిట్టూర్పుల వంతెనను దూరం నుంచి చూపించారు. దాని లోపల నడవాలంటే ప్యాలెస్ టికెట్టు ఉండాలి. 1591లో పూర్తయిన రియాల్టో వంతెనకు సమయం చాలదన్నారు. మార్కో పోలో కుటుంబం ఉండేదని చెప్పే ముంగిలి అక్కడికి నాలుగు అడుగుల దూరమే, దాని ఊసే ఎత్తలేదు.

ఇంత కరువైన సమయం గాజు దుకాణానికి మాత్రం యాభై నిమిషాలు దొరికింది. గాజు ఊదడం చూడదగ్గ విద్యే, కాదనను. కానీ కొలిమి దగ్గర పది నిమిషాలు, బేరాల దగ్గర నలభై. మా ఆవిడ కొన్న గాజు ఏనుగు తొండం విమానంలో విరిగింది. దాన్ని మీ ఖాతాలో వేయడం లేదు.

గొండోలా అనే వెనిస్ తెడ్డు పడవకు మనిషికి 40 యూరోలు విడిగా వసూలు చేసి, పడవకు అయిదుగురిని ఎక్కించారు. అంటే పడవకు 200. నగరం నిర్ణయించిన ధర పగటిపూట 30 నిమిషాలకు పడవ మొత్తానికి 90 యూరోలు. మమ్మల్ని తిప్పింది 20 నిమిషాలు. రసీదు అడిగితే నవ్వారు.

కాబట్టి బసిలికా, ప్యాలెస్ ప్రవేశాల డబ్బు ఇద్దరికీ, గొండోలాలో మా ఇద్దరి నుంచి ఎక్కువగా తీసుకున్న 44 యూరోలూ పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వండి. లోపలికి తీసుకువెళ్లని చోట్లకు మీ పత్రంలో 'బయటి నుంచి మాత్రమే' అని రాయండి. లేకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 చట్టం ప్రకారం నేను ఉండే ఊళ్లోనే ఫిర్యాదు వేయవచ్చు, మీ కార్యాలయం ఏ నగరంలో ఉన్నా సరే.

కార్యక్రమ పత్రం నకలు, డబ్బు కట్టిన రసీదులు, పడవలో తీసిన పదకొండు ఫొటోలు జతచేస్తున్నాను. వాటిలో ఒక్క వంతెన ఎక్కడైనా కనిపిస్తే దయచేసి గుర్తు పెట్టి పంపండి.

భవదీయుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు