సోమవారం కనిపించిన రంగుల మబ్బుల గురించి

పేరెంట్స్ అందరికీ నమస్కారం అండి. సోమవారం లంచ్ తర్వాత సూర్యుడి పక్కన మబ్బు అంచుల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులు కనపడ్డప్పటి నుంచి క్లాస్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్‌లు, భూకంపం వస్తుందని కొందరు, విమానంలోంచి కెమికల్ చల్లారని కొందరు, ఆ భయంతో మంగళవారం కొంతమంది పిల్లల్ని స్కూలుకే పంపలేదు. మీ కంగారు నాకు అర్థమవుతుంది, కానీ ఫార్వర్డ్ చేసేముందు మా ఫిజిక్స్ సార్‌ని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

అది ఇంద్రధనస్సు కూడా కాదండి, ఇంద్రధనస్సుకి సూర్యుడు మన వెనకాల ఉండాలి. పల్చటి మబ్బు అప్పుడే పుట్టినప్పుడు అందులో నీటి బిందువులు ఇంచుమించు ఒకే సైజులో ఉంటాయి, మిల్లీమీటర్‌లో వందో వంతు అంత, వాటిని దాటేటప్పుడు వెలుగు వంగుతుంది, ఎరుపు ఎక్కువ నీలం తక్కువ, అలా రంగులు విడిపోతాయి, దీన్నే వివర్తనం అంటారు. బిందువులు రకరకాల సైజుల్లో ఉంటే రంగులన్నీ కలిసిపోయి మళ్లీ తెలుపే, అందుకే రోజూ కనపడదు.

అందరూ కేకలేస్తుంటే మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె వాటర్ ట్యాంక్ నీడలో నిలబడి, సూర్యుడికి ట్యాంక్ అడ్డంపెట్టుకుని, రఫ్ నోట్స్ వెనక పేజీలో రంగులన్నీ వరసగా గీసుకుంది. ఆకుపచ్చ పట్టీ సూర్యుడికి దూరంగా జరుగుతోంది, బిందువులు ఆరిపోయి చిన్నవి అవుతున్నాయా సార్ అని ఫిజిక్స్ సార్‌ని అడిగింది. కరెక్టే, బిందువు ఎంత చిన్నదైతే రంగులు అంత దూరం పరుచుకుంటాయి! ఇది ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు, నాకెంత గర్వంగా ఉందో.

పిల్లలు రోజూ ఆకాశం చూడాలని నేను ప్రతి మీటింగ్‌లో అనేది ఇందుకే. 1894లో స్కాట్లాండ్‌లో బెన్ నెవిస్ కొండ మీద విల్సన్ అనే ఆయన మబ్బుల మీద ఇలాంటి రంగు వలయాలే చూసి, వాటిని ల్యాబ్‌లో తెప్పించాలని గాజు పాత్రలో మబ్బు తయారు చేయబోయాడు, అదే చివరికి అణువుల్లోని కణాల దారులు చూపించే క్లౌడ్ చాంబర్ అయ్యింది, 1927లో నోబెల్ వచ్చింది. చూడ్డంతోనే మొదలైంది కదండీ అంతా! రాత్రి పన్నెండు దాకా ఫోన్ చేతిలో పెడితే ఫస్ట్ పీరియడ్‌లో పిల్లలు బోర్డే చూడలేకపోతున్నారు, ఇక ఆకాశం ఏం చూస్తారు, దయచేసి తొమ్మిదికి ఫోన్ తీసుకోండి.

సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడనివ్వకండి, కూలింగ్ గ్లాసెస్ పెట్టుకున్నా సరే, గోడో చెట్టో అడ్డం ఉండాల్సిందే.

యూనిట్ టెస్టులు వచ్చే సోమవారం నుంచి, బస్ ఫీజు బాకీ ఉన్నవాళ్లు ఈ వారంలో కట్టేయండి. శనివారం ప్రతి పిల్లాడి బ్యాగులో ఆకాశం గీసుకోడానికి ఒక తెల్ల కాగితాల నోట్‌బుక్ పెట్టి పంపండి, గీతల నోట్‌బుక్ వద్దు.

మీ
హెడ్‌మిస్ట్రెస్