బాపు స్కాన్ సీడీ సంగతి

తమ్మీ,

నేను మంచిగున్న. పని ఎప్పటిలెక్కనే. బాపు తల ఎంఆర్ఐ స్కాన్ సీడీని పరిశోధనకు అడిగిన్రని అవ్వ చెప్పినప్పటి సంది మనసంతా అక్కడ్నే ఉన్నది. ఫోన్‌ల సగమే చెప్పిన. ఇది చదివి ఆమెకు నిమ్మళంగ చెప్పు.

పేరు తీసేసినా స్కాన్ల మెదడును బట్టి మనిషిని గుర్తుపట్టొచ్చన్న భయం ఉన్నది గదా, అది నిజమే. 2015ల అమెరికల యేల్ యూనివర్సిటీ వాళ్లు 126 మంది మీద చూపించిన్రు. కానీ అది ఫంక్షనల్ ఎంఆర్ఐ, బాపుకు తీసింది మామూలుది. ఫంక్షనల్ దాంట్ల మనిషి కదలకుండ పండుకుంటే మెదడుల రక్తపు ఆక్సిజన్ మార్పులు నిమిషాల తరబడి తీస్తరు. మెదడును 268 భాగాలు చేసి, ఏ రెండు కలిసి పెరిగి కలిసి తగ్గుతున్నయో కోరిలేషన్ తీస్తే 35,778 అంకెలైతయి. ఇంకోరోజు తీసిన అంకెలను అందరి పాత అంకెలతోటి పోలుస్తరు, ఎక్కువ కలిసిందే ఆ మనిషి. ఊరికె పండుకున్నప్పటి స్కాన్లతోటి నూటికి 92 మందికి పైనే సరిగ్గ దొరికిన్రు. అంటే పేరున్న పాత స్కాన్ ఒకటి చేతిల ఉంటెనే పట్టేది. బాపుది అట్లాంటిది ఎక్కడా లేదు.

అసలు చూసుకోవాల్సింది ముఖం. మామూలు ఎంఆర్ఐల చర్మం గూడ పడుతది, దాంతోటి ముఖాన్ని మళ్ల కట్టొచ్చు. ఇగ సీడీల స్కాన్ ఉండే డైకామ్ ఫైలు లోపల పేరు, పుట్టిన తేదీ ఉంటయి. ముఖం, ఈ వివరాలు అన్నీ తీసేసినంకనే వాడుతమని రాసిమ్మను. అవ్వను బెదిరించకు.

ఇగ స్కాన్‌ను బట్టి మనిషిని గుర్తుపట్టే నీ ప్రాజెక్టు గురించి. ఒకే స్కాన్‌ను ముక్కలు చేసి కొన్ని మోడల్‌కు (గుర్తుపట్టే ప్రోగ్రాంకు) నేర్పే ట్రైనింగుకు, కొన్ని దాన్ని పరీక్షించే టెస్టుకు పెట్టకు. తల పెట్టిన తీరు, ఆ రోజు మిషను రొద రెండు దిక్కులా ఒక్కటే ఉంటయి, అక్యురసీ ఉత్తగనే నూటికి చేరుతది. వేరే రోజు స్కానే టెస్టుకు పెట్టాలె. తల కదలిక ఇంకా మోసం. ఒక్కొక్కలు ఒక్కో తీరు కదులుతరు, మోడల్ మెదడును ఇడిసి కదలికను నేర్చుకుంటది. కదలిక అంకెలొక్కటే ఇచ్చి చూడు, వాటితోటే మనుషులు దొరికితే నీ ఫలితాన్ని నమ్మొద్దు. జాబితాల లేని మనిషిని ఇచ్చినా అది ఎవలో ఒకలి పేరు చెప్తది, అందుకే ఇంత కలిస్తెనే ఒప్పుకుంటమని హద్దు పెట్టాలె. మెదడు ముందటి, పైన ఎనక భాగాలను కలిపే ఫ్రంటోపరైటల్ నెట్‌వర్క్ ఒక్కటే తీసుకొని గూడ చూడు, మనిషికి మనిషికి తేడా అక్కడ్నే ఎక్కువ.

బాపు బీపీ గోళీలు వేళకు ఏసుకుంటున్నడా? సంతకం పెట్టకముందు ఆ కాగితం ఫొటో నాకు పంపు.

నీ అన్న