కటకం పగిలితే పగలనివ్వండి, మంత్రి గారూ

గౌరవనీయ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. కోనసీమలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఈ లేఖ పదో తరగతి కాంతి పాఠం గురించి. కొత్త పరికరాలు అడగడం లేదు. ఉన్నవాటిని పిల్లల చేతికివ్వడానికి మాకున్న భయం తీర్చమంటున్నాను.

నేను చూసిన బడుల్లో కటకాలు (లెన్సులు), పట్టకాలు (ప్రిజాలు), గాజు పలకలు బీరువాలోనే ఉంటాయి. స్టాకు రిజిస్టరులో ఒకటి తగ్గినా సంజాయిషీ రాయాలి, కాబట్టి తాళం పడుతుంది. తాళం వేస్తే మాత్రం దక్కుతాయా? మన ఉప్పుగాలికి, వానాకాలపు తేమకు కటకాలు బూజు పడతాయి, దర్పణాల వెనుక పూత లేచిపోతుంది. పగిలినదానికే జవాబు చెప్పాలి. బూజు పట్టినది లెక్కల్లో క్షేమమే.

ఇంటరాక్టివ్ ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెర) ఉంది కదా అంటారు. ఉన్నచోట మంచిదే, గ్రహణాల పాఠానికి బాగా పనికొస్తుంది. కానీ అందులో కిరణాలు ప్రతిసారీ బుద్ధిగా ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. పిల్లవాడు వెతకాల్సినది ఏమీ మిగలదు. అదే పిల్లవాడికి మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే కుంభాకార కటకం ఇచ్చి, కిటికీకి ఎదురు గోడ దగ్గర నిలబెట్టండి. ముందుకూ వెనక్కూ జరుపుతాడు. మసకమసకగా ఉన్నది ఒకచోట తేరుకుని, బయటి కొబ్బరిచెట్టు రంగులతో సహా గోడమీద తలకిందులుగా పడుతుంది. గోడకూ కటకానికీ మధ్య స్కేలు పెడితే వచ్చేది దాదాపు నాభ్యంతరమే, అంటే దూరం నుంచి వచ్చే కిరణాలు కలిసే చోటుకు కటకం నుంచి ఉన్న దూరం.

ఇప్పుడు కటకంలో సగాన్ని నల్లకాగితంతో మూస్తే ఏమవుతుందని అడగండి. సగం చెట్టే కనిపిస్తుందని తరగతి అంతా అంటుంది. మూసి చూస్తే చెట్టు మొత్తం ఉంటుంది, వెలుగు మాత్రం తగ్గుతుంది. చెట్టులోని ప్రతి బిందువు నుంచీ కాంతి కటకమంతటా పడుతుంది మరి, మిగిలిన సగం చాలు. ఇది పాఠ్యపుస్తకంలోని ప్రశ్నే. జవాబు బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటారు కానీ చేసి చూడందే నమ్మరు.

ఖర్చు సంగతికొస్తే, సంతలో దొరికే ప్లస్ 2 చత్వారపు కళ్లజోడులో ఒక్కో అద్దం నాభ్యంతరం 50 సెంటీమీటర్లు. తాతగారి కళ్లజోడు తెచ్చి కొలిచిన పిల్లకు డయాప్టర్ (ఆ ప్లస్ 2 అంకెకు ప్రమాణం; ఒకటిని మీటర్లలోని నాభ్యంతరంతో భాగిస్తే వస్తుంది) అంటే ఏమిటో మళ్లీ చెప్పనక్కర్లేదు. ప్లాస్టిక్ అద్దాలైతే అంత తేలిగ్గా పగలవు కూడా.

మాది చెరువులు, కాలువల ప్రాంతం. నీటి వక్రీభవన గుణకం (గాలిలోకంటే నీటిలో కాంతి ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె) 1.33 కాబట్టి, పైనుంచి నిటారుగా చూస్తే నాలుగడుగుల తేటనీరు మూడడుగులే అనిపిస్తుంది. గట్టుమీంచి వాలుగా చూస్తే ఇంకా తక్కువ. ఈత రాని పిల్లలకు ఈ లెక్క మార్కులకంటే ముఖ్యం. దానికి గాజు తొట్టె, నాణెం చాలు.

ప్రయోగాల్లో పగిలిన గాజు సామానును ఏటా రిజిస్టరు నుంచి కొట్టివేసే అధికారం ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి. పరిమితి మీరే పెట్టండి. కటకాలు, కళ్లజోళ్లు స్థానికంగా కొనుక్కోవడానికి పాఠశాల నిధుల్లో కొంత కేటాయించండి. అంతర్గత మార్కుల్లో ఒక్క ప్రశ్నకైనా పిల్లలు చేత్తో చేసి చూపేలా పెట్టండి. అది లేకపోతే, పై రెండూ ఇచ్చినా మేం బీరువా తెరవం. మా సంగతి మాకు తెలుసు.

భవదీయుడు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
రాజోలు దీవి, కోనసీమ