సంగీత సభ వార్షిక నివేదిక – 2025

గౌరవ సభ్యులకు నమస్కారం.

2025లో మన సభ చేసిన పనులను ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. కచేరీలు లెక్కపెట్టేవారికి ఈ ఏడాది కాస్త వెలితిగా కనిపించవచ్చు. పెద్ద హాలు అద్దెకు తీసుకుని పేరున్న విద్వాంసులతో చేసే కార్యక్రమాలను కార్యవర్గం కావాలనే తగ్గించింది. పాటా వరుసా రెండూ తానే కట్టే ఒక్కొక్క వాగ్గేయకారుణ్ణి తీసుకుని, ఆయన రచనల్లో ఒకటో రెండో మనమే కూర్చుని నేర్చుకోవడం, ఆ తర్వాతే వాటిని విద్వాంసుల నోట వినడం అనే పద్ధతి పెట్టుకున్నాం. ఒక్క చరణమైనా తన గొంతుతో పాడి చూసినవాడు వినే తీరే వేరు. దీన్ని ఒప్పుకోని సభ్యులు ఇప్పటికీ ఉన్నారు. వారి అభిప్రాయం మినిట్స్‌లో నమోదైంది.

జనవరి 18, పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజ ఆరాధన జరిపాం. తిరువైయారులో కావేరి ఒడ్డున ఉన్న సమాధి మందిరాన్ని గాయని బెంగుళూరు నాగరత్నమ్మ గారు తన సొమ్ముతో కట్టించారు. ఒకప్పుడు ఆ ఆరాధనలో స్త్రీలకు పాడే అవకాశమే లేదు. ఆవిడ పట్టుపట్టి సాధించారు. అందరూ కలిసి త్యాగరాజు పంచరత్న కృతులు ఐదూ పాడే మన విజయవాడ గోష్ఠిలో ఈసారి సగానికి మించి ఆడవారే. దానివల్ల మొదటి చిక్కు శ్రుతి దగ్గరే, అంటే అందరూ ఆధారంగా పట్టుకునే స్వరం ఎత్తు దగ్గరే వచ్చింది. ఆ ఎత్తును అంకెల్లో చెబుతాం: ఆడవారికి ఐదున్నర హాయి, మగవారికి ఒకటో ఒకటిన్నరో. చివరికి ఐదుకు ఒప్పందం కుదిరింది. మగవారు ఒక స్థాయి దిగి పాడారు. పై షడ్జం (పై ‘స’) దాకా సాగే చరణాల్లో వారికి ఏ బాధా లేదు గానీ, మంద్రంలోకి, అంటే కింది స్థాయిలోకి దిగినచోట వట్టి పెదవులే కదిలాయి.

రెండో చిక్కు కాలప్రమాణం, అంటే పాట నడిచే వేగం. పంచరత్నాల్లో నాట రాగంలోని ‘జగదానందకారక’ నింపాదిగానే మొదలవుతుంది. శ్రీరాగంలోని ‘ఎందరో మహానుభావులు’ దగ్గరికి వచ్చేసరికి గోష్ఠి మొత్తం రైలు అందుకోవాలన్నట్టు పరుగెత్తుతుంది. ఈసారి మృదంగ విద్వాంసుణ్ణి ముందు వరుసకు ఎదురుగా కూర్చోబెట్టాం. కొంత ఫలితం కనిపించింది. ఆరభి పంచరత్నంలో ప్రతి చరణం తర్వాత ‘సమయానికి తగు మాటలాడెనే’ అని అందుకోవాలి. అలవాటు కొద్దీ పల్లవికి వెళ్లి ‘సాధించెనే’ ఎత్తుకున్న గొంతులు ప్రతి అభ్యాసంలోనూ వినిపించాయి. ఆరాధన నాడు మాత్రం ఒక్కటీ వినిపించలేదు.

వరాళి రాగంలోని పంచరత్నం సంగతి కూడా చెప్పాలి. ఆ రాగాన్ని గురువు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పితే గురుశిష్యులకు ఎడబాటు తప్పదని పాతకాలపు నమ్మకం. అందుకే మిగతా నాలుగు వచ్చినవారిలోనూ చాలామందికి ‘కనకన రుచిరా’ రాదు. మన అధ్యాపకురాలు నవ్వుతూనే, “నేను నేర్పను. నా గదిలో నేను పాడుకుంటాను. మీరు పక్కగదిలో కూర్చుని వినండి, అబ్బినంత అబ్బుతుంది” అన్నారు. నెలరోజులు అలాగే సాగింది. తలుపు మాత్రం తీసే ఉండేది.

మార్చిలో ముత్తుస్వామి దీక్షితుల 250వ జయంతి. సంగీత త్రిమూర్తులు ముగ్గురూ తిరువారూరులోనే, పదమూడేళ్ల వ్యవధిలో పుట్టారు. శ్యామశాస్త్రి 1762లో, త్యాగరాజు 1767లో, దీక్షితులు 1775లో. పెద్దల కోసం ఒక సాయంత్రమంతా దీక్షితుల కృతి ‘వాతాపి గణపతిం’ మీదే గడిపాం. పిల్లలకు నోట్టుస్వరాలు నేర్పాం. మద్రాసులో ఇంగ్లీషు బ్యాండు వాయించే వరుసలు విని, దీక్షితులు వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. ‘సంతతం పాహిమాం’ అప్పటి ఇంగ్లండు రాజగీతం వరుసే. గమకాలు, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పాడే మెలికలు లేని తిన్నని స్వరాలు కావడంతో పిల్లలు ఒక్క పూటలో పట్టేశారు. అమ్మమ్మలు మాత్రం “ఇది సంగీతమా, స్కూలు ప్రార్థనా?” అని సణిగారు. ఆ రోజే ఒక సభ్యుడు తన ఇంట్లో ఉన్న ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెచ్చి బల్ల మీద పెట్టారు. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు అచ్చు వేయించిన ఈ గ్రంథం మొదట వెలువడింది తెలుగు లిపిలోనే. స్వరం పైన చిన్న చిన్న గుర్తులతో ఎక్కడ కంపితం (స్వరాన్ని ఊపడం), ఎక్కడ జారు (ఒక స్వరం నుంచి మరోదానికి జారడం) అన్నది సూచించి ఉంటుంది. ఒక్క పంక్తిని ఆ గుర్తుల ప్రకారం పాడడానికి మా బృందానికి అరగంట పట్టింది. ఈ పాటి ఓపిక ఏడాదికి ఒకసారైనా అవసరమని నా ఉద్దేశం.

అదే మార్చి 9న అన్నమయ్య సంకీర్తనల గాయకులు గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు తిరుపతిలో కన్నుమూశారు. ఆయన స్మృతికి అన్నమయ్య సంకీర్తనల సభ పెట్టాం. తిరుమల సంకీర్తన భాండాగారంలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యమూ రాగం పేరూ ఉన్నాయి గానీ, ఎలా పాడాలో చెప్పే స్వరం లేదు. మనం నేడు పాడుతున్న వరుసలు చాలావరకు గత శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, బాలకృష్ణప్రసాద్ వంటివారు కట్టినవి. ఈ సంగతి చెప్పగానే సభలో చిన్న దుమారం లేచింది. అయితే ఇన్నాళ్లూ పాడింది అన్నమయ్య పాట కాదా అని ఒక పెద్దాయన నిలదీశారు. ‘అంతర్యామి అలసితి’ ఎత్తుకోగానే ఆయనే అందరికంటే పెద్దగా గొంతు కలిపారు. చర్చ అక్కడితో ఆగింది.

జూలైలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి జయంతిని నిరాడంబరంగా జరుపుకున్నాం. ఆయన మన ఊరి సంగీత కళాశాలకు ప్రధానాచార్యులుగా ఉన్నవారు. ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, వారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, వారి గురువు మానాంబుచావడి వేంకటసుబ్బయ్య, వారికి గురువు సాక్షాత్తూ త్యాగరాజు. వేళ్ల మీద లెక్కపెట్టేంత దగ్గర! పిల్లల్లో ఒకరు ఈ వరసను చార్టు మీద రాసి తెచ్చారు. అది సభ గదిలో ఉంది.

శ్యామశాస్త్రి భైరవి రాగంలో కట్టిన స్వరజతి అనే రచనను వయొలిన్ మీద విన్న సాయంత్రం ఈ ఏడాదికి తలమానికం. సభ్యుల ఇంటి మేడ మీద, మైకు లేకుండా జరిగింది. అంతకు ముందు నెలలో అద్దె హాల్లో జరిగిన కచేరీలో మైకుల రొదకు తంబురా అన్నదే వినబడక కళాకారులు నొచ్చుకున్నారు. అందుకే ఈ ఏర్పాటు. మిశ్రచాపు అనే తాళంలో నడిచే ఈ రచనలో ఎనిమిది చరణాలు. ఒక్కో చరణం ఒక్కో స్వరం మీద ఎత్తుకుంటూ, షడ్జం నుంచి పై షడ్జం దాకా మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. మూడో మెట్టుకే శ్రోతలకు కిటుకు అర్థమైంది. తరవాతి స్వరం ఎప్పుడు వస్తుందా అని అందరూ ముందుకు వంగి కూర్చున్నారు. వయొలిన్ కమాను తీగ మీద ఆనే సవ్వడి కూడా వినిపించింది. మృదంగం వాయించిన కుర్రవాడు ఎడమవైపు అరచేత్తో అదిమి, చాలాచోట్ల వాయించకుండానే వదిలాడు. ఆ సంయమనానికి వేరుగా అభినందన తెలపాలని కార్యవర్గం తీర్మానించింది.

క్షేత్రయ్య పదాల సభకు మాత్రం హాజరు పలచన. మొవ్వ మనకు పొరుగు ఊరి లెక్క. మువ్వగోపాలుడి పేరు తెలియని ఇల్లు లేదు. అయినా విలంబంలో, అంటే బాగా నెమ్మదిగా ఒక్క పదం సాగుతుంటే మధ్యలోనే కుర్చీలు ఖాళీ అయ్యాయి. పదాల్లోని శృంగారం పిల్లల ముందు ఎందుకన్న ఫిర్యాదు కూడా వచ్చింది. పిల్లలకు వేరే కార్యక్రమం పెట్టి, పదాల సభను వచ్చే ఏడాదీ కొనసాగిస్తాం. ఇది నా పట్టుదల అనుకున్నా సరే.

జమాఖర్చులను ఆడిటర్ ధ్రువీకరించారు. ప్రతులు కోశాధికారి వద్ద ఉన్నాయి.

సభ్యులకు రెండు మనవులు. తని ఆవర్తనం, అంటే మృదంగం వంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం మొదలవగానే కాఫీకి లేవడం మానండి. వాయించేవారు మిమ్మల్ని చూస్తూనే ఉంటారు. ఫోనులో రికార్డు చేసుకునేవారు కళాకారుల అనుమతి ముందే తీసుకోవాలి.

కొత్త ఏడాదికి మూడు ప్రతిపాదనలు మీ ఆమోదానికి పెడుతున్నాం: భద్రాచల రామదాసు కీర్తనల గోష్ఠి, మేడ మీద సభలను రెండు నెలలకొకటి చేయడం, పాడైన తంబురాకు కొత్త బుర్ర వేయించడం. మూడోదానికి విరాళమిచ్చేవారు ఈ సమావేశం ముగిశాక కోశాధికారిని కలవగలరు.

ఇట్లు,
కార్యదర్శి