రెండు కాటాలు, ఒకే పేరున్న డీఎల్ఎల్: మా తప్పు, చేసిన మార్పు

మా బిల్లింగ్ ప్రోగ్రామ్ వాడుతున్న దుకాణదారులందరికీ నమస్కారం.

గత నెల ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణంలో బియ్యం బస్తా తూచారు. కాటా తెర మీద 50.00 అని సరిగానే కనిపించింది. బిల్లులో మాత్రం 0.050 కిలోలని పడింది. యజమాని ఫోన్ చేస్తే, కాటా ఒకసారి చూపించుకోండని చెప్పి పంపేశాం. కాటాలో ఏ లోపమూ లేదు, లోపం మా ప్రోగ్రామ్‌లో ఉంది. ఆయనను కలిసి క్షమాపణ చెప్పాను. మీకూ సంగతి తెలియాలి.

ఆయన దగ్గర పప్పులు తూచే చిన్న కాటా ఒకటి, బస్తాలు తూచే పెద్ద కాటా ఒకటి ఉన్నాయి. వాటి ప్లగిన్లు, అంటే కాటాను మా ప్రోగ్రామ్‌తో కలిపే చిన్న ప్రోగ్రామ్‌లు, రాసింది వేర్వేరు వాళ్లు. ఇద్దరూ తమ ప్లగిన్‌తో పాటు ‘స్కేల్.డీఎల్ఎల్’ అనే ఫైలు ఇచ్చారు. డీఎల్ఎల్ అంటే ప్రోగ్రామ్ తన పని కోసం తెరుచుకునే కోడ్ ఫైలు. చిన్న కాటా ఫైలు వచ్చిన అంకెను గ్రాములనుకుని 1000తో భాగిస్తుంది. పెద్ద కాటాది కిలోలుగానే తీసుకుంటుంది.

ప్రతి ప్లగిన్‌నూ దాని ఫోల్డర్ నుంచి పూర్తి చిరునామాతో తెరుస్తున్నాం కాబట్టి ఇబ్బంది ఉండదనుకున్నాం. ఆ చిరునామా ప్లగిన్ వరకే పనిచేస్తుంది. దానికి కావలసిన డీఎల్ఎల్‌లను విండోస్ పేరుతోనే వెతుకుతుంది. ఆ పేరున్నది అప్పటికే మెమరీలో ఉంటే, మామూలుగా ఫోల్డర్ వైపు చూడకుండా దాన్నే ఇచ్చేస్తుంది. ముందు తెరుచుకున్నది చిన్న కాటా ప్లగిన్. దాని లెక్కే బస్తాలకూ వర్తించింది. ఎక్కడా ఎర్రర్ కూడా రాలేదు. నాకు నిద్ర పట్టనివ్వనిది అదే.

ఒక ఫైలు పేరు మార్చి చూశాం. పాత పేరు ప్లగిన్ లోపలే రాసి ఉండటంతో అది తెరుచుకోనే లేదు. రాసినవాళ్లను మార్చమనడం న్యాయం కాదు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు, ఎవరి ప్లగిన్లు వారు తెచ్చుకోవచ్చని మీకు చెప్పింది మేమే.

కొత్త వెర్షన్‌లో ప్రతి ప్లగిన్ విడి ప్రాసెస్‌లో, అంటే వేరే ప్రోగ్రామ్‌లా విడిగా, నడుస్తుంది. దేని మెమరీ దానిదే కనుక పేర్లు కలిసినా ఫైళ్లు కలవవు. ఒక ప్లగిన్ ఆగిపోయినా బిల్లింగ్ ఆగదు. అయితే మెమరీ కొంత ఎక్కువ పడుతుంది, ఉదయం ప్రోగ్రామ్ తెరుచుకోవడం కాస్త ఆలస్యమవుతుంది. పాత కంప్యూటర్లున్నవారికి ఇది ఇబ్బందేనని తెలిసీ ఈ దారి పట్టాం. తూకం తప్పుగా పడటాన్ని నేను ఒప్పుకోలేను.

రెండు కాటాల ప్లగిన్లు వాడుతున్నవారు పాత బిల్లుల్లో బస్తాల బరువులు ఒకసారి సరిచూసుకోండి. తేడా కనిపిస్తే బిల్లు కాపీ పంపండి. ఆ నష్టం మేమే కడతాం.