ఫోన్ పెట్టేసిన అమ్మాయికి

నరసరావుపేట,
ఆదివారం

అమ్మలూ,

పోయిన వారం ఫోన్‌లో నేను "ఒక్క ఆడమనిషి లేచిపోబట్టే ఇంగ్లీషువాళ్ళు ఐర్లండ్‌లో అడుగుపెట్టారట" అనగానే, డ్యూటీ టైమైందని పెట్టేశావు. ఆ రోజు నీకు డ్యూటీయే లేదని మీ అమ్మ తర్వాత చెప్పింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నీ కోపం న్యాయమే. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు సోషల్ చెప్పినవాణ్ణి, తారీఖులు చూసుకోకుండా నోరు జారాను. ఈ వారమంతా కూర్చుని ఆ ఆడమనిషి, డెర్వోర్గిల్లా, కథ లెక్క చూశాను.

ఐర్లండ్‌లో నువ్వుండే కావన్‌లో ఆటల మైదానానికి బ్రెఫ్నీ పార్క్ అని పేరుంది కదా, ఆ బ్రెఫ్నీ ఒకప్పుడు చిన్న రాజ్యం. ఇప్పటి కావన్, లైట్రిమ్ కౌంటీలు చాలామటుకు అందులోవే. చెరువులు, గుట్టలు, చిత్తడి నేల. ఆస్తి అంటే పశువులే. ఏలినవాళ్ళు ఓరూర్క్‌లు. అక్కడ తండ్రి తర్వాత పెద్దకొడుకే రాజు అన్న నియమం లేదు. బాబాయిలు, వాళ్ళ పిల్లలు, ఎవరికి బలగముంటే వాళ్ళదే గద్దె. అందుకని రాజుకు శత్రువులు పొలిమేర అవతలకంటే భోజనాల పంక్తిలోనే ఎక్కువ.

12వ శతాబ్దంలో టియర్నన్ ఓరూర్క్ అనే ఒంటికన్ను రాజు నలభై ఏళ్ళకు పైగా నిలబడ్డాడు. పక్కన మీత్ రాజ్యం మంచి పచ్చిక నేల, దాని రాజులేమో బలహీనపడ్డారు. ఆ నేల మీద ఇతనికీ ఆశే, లైన్‌స్టర్ రాజు డెర్మట్ మాక్‌మరోకీ ఆశే. టియర్నన్ భార్య డెర్వోర్గిల్లా ఆ మీత్ రాజు కూతురు.

1152లో పెద్దరాజులు ఇద్దరు, వాళ్ళతో డెర్మట్, కలిసి టియర్నన్ మీద పడ్డారు. ఆ ఏడే డెర్మట్ ఆమెను తీసుకుపోయాడు. ఆమె పశువులతో, సామానుతో సహా! అప్పటికామెకు 44 ఏళ్ళు. ఇదంతా ఆమె తోబుట్టువు సలహా మీదే జరిగిందని ఐరిష్ సన్యాసులు ఏటేటా రాసుకున్న వార్షికాల్లోనే ఉంది. లేచిపోయే మనిషి మందను తోలుకుని వెళ్తుందా, చెప్పు? ఇష్టపడి వెళ్ళిందో లేదో కాని, నాకైతే ఇందులో ప్రేమకంటే ఆస్తి తగాదా వాసనే ఎక్కువ కొడుతోంది. మరుసటి ఏడే కనాట్ రాజు ఆమెనూ పశువులనూ వెనక్కి తెచ్చాడు.

డెర్మట్ దేశం విడిచి పారిపోయింది 1166లో. మధ్యలో పద్నాలుగేళ్ళు! అతనికి అండగా ఉన్న ఉత్తరాది రాజు మాక్‌లోక్లిన్, పూచీలిచ్చి కూడా ఒక చిన్నరాజు కళ్ళు పీకించాడు. దాంతో అందరూ తిరగబడ్డారు, మాక్‌లోక్లిన్ చచ్చాడు. అండ పోగానే డెర్మట్‌ను తరిమేశారు. తరిమినవాళ్ళలో టియర్నన్ ముందున్నాడు, పాత అవమానం మరిచిపోలేదు కూడా. అంతవరకు ఒప్పుకుంటాను. కాని ఇంగ్లండ్ రాజు హెన్రీ దగ్గరికెళ్ళి సైన్యం అడిగింది డెర్మట్, 1169లో ఓడలు దిగింది అప్పట్లో ఇంగ్లండ్‌ను ఏలుతున్న నార్మన్లు. నింద మాత్రం డెర్వోర్గిల్లాకు. మన పల్నాటి యుద్ధమంతా నాగమ్మ నెత్తిన పెట్టినట్టే.

ఆ పద్నాలుగేళ్ళలో ఆమె ఏం చేసిందో నీకు తెలియాలి. 1157లో మెలిఫాంట్ మఠం చర్చి ప్రతిష్ఠకు రాజులంతా వచ్చారు. మాక్‌లోక్లిన్ 60 ఔన్సుల బంగారం, 140 ఆవులు ఇచ్చాడు. డెర్వోర్గిల్లా కూడా 60 ఔన్సుల బంగారమే ఇచ్చింది, పైగా మేరీమాత బలిపీఠానికి బంగారు గిన్నె. వార్షికాల్లో ఆమెను 'ఓరూర్క్ భార్య' అనే రాశారు. అంటే తల వంచుకుని మూలన కూర్చున్న మనిషి కాదు.

టియర్నన్ చావు మాత్రం ఘోరం. 1172లో సంధి మాటలకని పిలిస్తే వెళ్ళాడు. నార్మన్ ప్రభువు హ్యూ డి లేసీ మనుషులు చంపేశారు. వాళ్ళ పక్కన నిలబడినవాళ్ళలో సొంత ఓరూర్క్ వంశంవాడే ఒకడున్నాడు. తల డబ్లిన్ కోట గుమ్మానికి కట్టారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే ఇదే.

ఆమె అతని తర్వాత ఇంకో ఇరవై ఏళ్ళు బతికి, మెలిఫాంట్‌లోనే 1193లో కన్నుమూసింది.

షానన్ నది ఒడ్డున క్లోన్‌మక్‌నాయిస్ దగ్గర 1167లో ఆమె పూర్తి చేయించిన సన్యాసినుల చర్చి ఉంది. పైకప్పు పోయినా చెక్కడాల తోరణాలు నిలిచే ఉన్నాయట. సెలవు దొరికితే వెళ్ళి ఫోటోలు తీసి పంపు. ఈసారి ఫోన్‌లో నువ్వు చెప్పు, నేను వింటాను.

నాన్న

అన్నట్టు, మీ వార్డులో సగంమంది రైలీలే అన్నావు. 13వ శతాబ్దంలో బ్రెఫ్నీ రెండు ముక్కలై, తూర్పు ముక్క ఓరైలీలకు పోయింది. అదే మీ కావన్. వాళ్ళ దగ్గర ఓరూర్క్‌ల గొప్ప మరీ ఎక్కువ చెప్పకు.