బ్లడ్ గ్రూపు పట్టికలో కనిపించని జన్యువు

సంపాదకులకు నమస్కారం.

తల్లిదండ్రుల బ్లడ్ గ్రూపును బట్టి పిల్లల గ్రూపు చెప్పే పట్టికలు ఆరోగ్య పేజీల్లో తరచూ వస్తుంటాయి. ఇద్దరిదీ ఓ గ్రూపైతే బిడ్డదీ ఓ గ్రూపే, ఇద్దరిదీ ఏబీ అయితే ఓ గ్రూపు బిడ్డ పుట్టే వీల్లేదు అని అందులో ఖాయంగా రాస్తారు. దాదాపు అన్ని కుటుంబాల్లో అది సరిపోతుంది. సరిపోని ఇంట్లో మాత్రం ఆ కాగితం పట్టుకుని తల్లిని అనుమానిస్తారు. ఈ అన్యాయం జరగకూడదంటే ఎపిస్టాసిస్ అంటే ఏమిటో పాఠకులకు తెలియాలి.

ఏ, బీ, ఓ అనేవి ఒకే జన్యువుకు మూడు రూపాలు. ఓ మీద ఏ బహిర్గతం (డామినెంట్), అంటే రెండూ ఉంటే ఏ ప్రభావమే పైకి కనిపిస్తుంది; బీ కూడా బహిర్గతమే. ఇదంతా ఒక్క జన్యువు లోపలి వ్యవహారం. ఎపిస్టాసిస్ అలా కాదు. ఒక జన్యువు ప్రభావం బయటికి కనిపించాలా వద్దా అన్నది వేరే జన్యువు మీద ఆధారపడటమే ఎపిస్టాసిస్. అడ్డుపడేది ఎపిస్టాటిక్, మరుగున పడేది హైపోస్టాటిక్. బ్లడ్ గ్రూపుల్లో అలా అడ్డుపడగలది హెచ్ అనే వేరే జన్యువు. ఈ తేడా తెలియక పాఠాల్లో, వార్తల్లో ‘ఏ మీద హెచ్ బహిర్గతం’ అని రాస్తే తప్పు. ఏబీఓ జన్యువు 9వ క్రోమోజోమ్ మీద, హెచ్ జన్యువు 19వ క్రోమోజోమ్ మీద ఉంటాయి.

ఎర్రరక్తకణం పైనున్న చక్కెరల గొలుసు చివర ఫ్యూకోజ్ అనే చక్కెరను చేర్చే ఎంజైమును హెచ్ జన్యువు తయారు చేయిస్తుంది. ఆ ఫ్యూకోజ్ చేరాకే అది హెచ్ యాంటిజెన్ (కణం మీద ఉండే గుర్తు) అవుతుంది. ఏ ఎంజైము, బీ ఎంజైము తమ చక్కెరను తగిలించేది దాని మీదే. ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ పనిచేయని హెచ్ వచ్చినవారిలో ఏ ఎంజైము మామూలుగానే తయారవుతుంది, కానీ తగిలించడానికి కొక్కెం ఉండదు. మామూలు పరీక్షలో వాళ్లు ఓ గ్రూపులా కనిపిస్తారు. భెండే, ఆయన సహచరులు 1952లో బొంబాయిలో గుర్తించిన ఈ స్థితినే బాంబే గ్రూపు అంటున్నాం.

ఇప్పుడు పట్టిక ఎక్కడ తప్పుతుందో చూడండి. తల్లిలో బీ, ఓ రూపాలున్నాయి, హెచ్ జన్యువు ప్రతులు రెండూ పనిచేయవు. రిపోర్టులో ఓ గ్రూపు అని ఉంటుంది. తండ్రి అసలైన ఓ గ్రూపు, హెచ్ బాగుంది. బిడ్డకు తల్లి నుంచి బీ, తండ్రి నుంచి మంచి హెచ్ వస్తే బిడ్డది బీ గ్రూపు. తల్లిలో మరుగున ఉన్నదే బిడ్డలో బయటపడింది. రెండో లెక్క: ఇద్దరూ ఏబీ, ఇద్దరిలోనూ పనిచేయని హెచ్ ఒక్కొక్కటి ఉంది. పిల్లల్లో ఏ, ఏబీ, బీ, బాంబే 3:6:3:4 నిష్పత్తిలో రావచ్చు. అంటే పట్టిక అసాధ్యమన్న ‘ఓ గ్రూపు’ కనిపించే అవకాశం నాలుగో వంతు.

అసలు ప్రమాదం ల్యాబులో ఉంది. ఏ, బీ యాంటిజెన్లను పట్టే యాంటీ-ఏ, యాంటీ-బీ చుక్కలు వేసి స్లైడు మీద చూసి ఆపేస్తే బాంబే రక్తం ఓ గ్రూపుగానే నమోదవుతుంది. రోగి సీరాన్ని (రక్తంలోని యాంటీబాడీలుండే ద్రవాన్ని) తెలిసిన గ్రూపుల కణాలతో కలిపి చూసే రివర్స్ గ్రూపింగ్ చేసేటప్పుడు ఏ, బీ కణాలతోపాటు ఓ కణాలూ తప్పనిసరిగా పెట్టాలి. ఓ గ్రూపువారి సీరం ఓ కణాలను గుంపు కట్టించదు. బాంబేవారి సీరంలో బలమైన యాంటీ-హెచ్ (హెచ్‌ను పట్టే యాంటీబాడీ) ఉంటుంది కాబట్టి ఓ కణాలు గట్టిగా గుంపులు కడతాయి. తర్వాత రోగి కణాలను యూలెక్స్ మొక్క గింజల నుంచి తీసే యాంటీ-హెచ్ లెక్టిన్‌తో (హెచ్‌ను పట్టుకునే ప్రొటీన్‌తో) కలిపితే స్పందన రాకూడదు. రోగి సీరాన్ని రోగి కణాలతోనే కలిపి చూసే ఆటో కంట్రోల్ కూడా నెగటివ్ రావాలి. అది పాజిటివ్ వస్తే సొంత కణాలనే పట్టే ఆటో యాంటీబాడీ ఉందేమో ముందు తేల్చుకోవాలి. దాత రక్తం రోగికి సరిపోతుందా అని చూసే క్రాస్‌మ్యాచ్‌లో ఓ గ్రూపు యూనిట్లు ఒకదాని వెంట ఒకటి సరిపోకపోయినా బాంబేను అనుమానించాలి. అత్యవసరమని క్రాస్‌మ్యాచ్ లేకుండా ఓ రక్తం ఎక్కిస్తే, 37 డిగ్రీల వద్ద కూడా పనిచేసే ఈ యాంటీబాడీ రక్తనాళాల్లోనే కణాలను పగలగొడుతుంది. చలిజ్వరం, నడుంనొప్పి, ముదురు రంగు మూత్రం కనిపిస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

వార్తల్లో బాంబేను ‘ఓ గ్రూపులో అరుదైన రకం’ అనడం మానాలి. హెచ్ యాంటిజెన్ అందరికంటే ఎక్కువగా ఉండేది ఓ గ్రూపువారిలోనే. బాంబేవారిలో అది అసలు ఉండదు. అంటే రెండూ రెండు చివరలు.

వాడుకలో మరొక తేడా కూడా ఉంది. జన్యుశాస్త్రవేత్త బేట్‌సన్ ఎపిస్టాటిక్ అన్నది ఇలా మరుగుపరచడాన్నే. 1918లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ గణాంక దృష్టితో దాన్ని విస్తరించాడు. రెండు జన్యువులు కలిసి చూపే ప్రభావం విడివిడి ప్రభావాల మొత్తానికి తేడాగా ఉంటే అదీ ఎపిస్టాసిసే. పంట దిగుబడి పరిశోధనలో ఈ మాట కనబడితే ఒక జన్యువు ఇంకోదాన్ని కప్పేసిందని వెంటనే అనుకోకూడదు.

పట్టిక వేసేటప్పుడు ‘హెచ్ జన్యువు లోపిస్తే ఈ లెక్క వర్తించదు, పితృత్వానికి బ్లడ్ గ్రూపు రుజువు కాదు, డీఎన్ఏ పరీక్ష అవసరం’ అని ఒక వాక్యం చేర్చండి. బాంబే దాత కావాలన్న ప్రకటనలో ఆర్‌హెచ్ పాజిటివా నెగటివా తప్పక రాయండి, మామూలు ఓ గ్రూపువారి రక్తం పనికిరాదనీ చెప్పండి. రోగి కుటుంబం ముందుగా తోబుట్టువులకు పరీక్ష చేయించాలి. తల్లిదండ్రులిద్దరిలో లోపించిన హెచ్ ఒక్కొక్కటి ఉంటే, ప్రతి తోబుట్టువుకూ అదే గ్రూపు ఉండే అవకాశం నాలుగింట ఒకటి.

ఇట్లు,
జన్యుశాస్త్రం, రక్తమార్పిడి వైద్యం బోధించే అధ్యాపకులు,
హైదరాబాద్